‘ఇంటరెస్టింగ్’ అన్నాక ఇంకో వాక్యం

(యువ పాత్రికేయుల శిక్షణ తరగతిలో ఒక విశ్రాంత డెస్క్ ఇన్‌ఛార్జి చేసిన ప్రసంగం. ఆ రోజు రాలేకపోయినవాళ్ళ కోసం రికార్డింగు విని రాసిన పాఠం.)

అందరికీ నమస్కారం. కూర్చోండి, కూర్చోండి. వెనకాల నిలబడ్డవాళ్ళు ముందుకు రండి, ఇక్కడ కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. మొదటి వరసలో కూర్చుంటే ప్రశ్నలు అడుగుతానని భయమేమో. వెనక కూర్చున్నా అడుగుతాను, కాబట్టి వచ్చేయండి.

నాకు ఇచ్చిన అంశం ‘వార్తా రచనలో విశేషణాలు’. విశేషణాలన్నిటి గురించీ మాట్లాడటం మొదలుపెడితే మీ మధ్యాహ్నం భోజనం రాత్రికి పడుతుంది. అందుకని ఒక్కదాన్నే పట్టుకుంటాను. ఆ ఒక్కటీ తెలుగు మాట కూడా కాదు. పొద్దున లేచిన దగ్గర్నుంచి మీరందరూ నాలుగైదుసార్లు అనే ఉంటారు. ఇంటరెస్టింగ్. కొందరు ఇంట్రెస్టింగ్ అంటారు. ఎలా పలికినా నాకు పేచీ లేదు.

“సినిమా ఎలా ఉంది?” “ఇంట్రెస్టింగ్‌గా ఉంది.” “కొత్తగా వచ్చిన బ్యూరో చీఫ్ ఎలాంటాయన?” “ఇంట్రెస్టింగ్ మనిషి.” “ఆ నవల?” “ఇంట్రెస్టింగే.” చూశారా, చివర ఆ దీర్ఘం తగలగానే ఏమైందో? ఇంట్రెస్టింగ్ అంటే చదవొచ్చని. ఇంట్రెస్టింగే అంటే, నీ ఇష్టం, నన్ను మాత్రం మళ్ళీ అడగొద్దని.

సరే, మూడు జవాబులు విన్నారు. ఇప్పుడు చెప్పండి, సినిమా గురించి మీకేం తెలిసింది? కథేమిటో తెలిసిందా? ఎవరు నటించారో తెలిసిందా? నవ్వించే సినిమానా, ఏడిపించే సినిమానా? ఏమీ తెలియలేదు. చూసొచ్చినాయనకి రెండున్నర గంటలపాటు నిద్ర రాలేదని మాత్రం తెలిసింది. అంటే ఆ మాట సినిమా గురించి కాదు, ఆయన గురించి. ఇవాళ నేను చెప్పబోయేదంతా దీని చుట్టూనే తిరుగుతుంది. ఇంటరెస్టింగ్ అన్నవాడు ఇంకో వాక్యం బాకీ పడతాడు. ఎందుకు? దేన్ని చూసి? ఆ రెండో వాక్యం రాసేశాక, చాలాసార్లు మొదటిది కొట్టేసినా నష్టం ఉండదు. మీరు రాసే ఏ వార్త కాపీలోనైనా సరే, చేసి చూడండి.

ఇంగ్లిష్ మాటతో మనకేం పని, మనం రాసేది తెలుగు కదా అంటారేమో. రాసేటప్పుడు దానికి పంచె కట్టి ‘ఆసక్తికర’ అని పిలుస్తున్నాం, అంతే తేడా. ‘పొత్తులపై మాజీ మంత్రి ఆసక్తికర వ్యాఖ్యలు’. ‘సభలో ఆసక్తికర పరిణామం’. ‘ఆ సినిమాపై హీరోయిన్ ఆసక్తికర వ్యాఖ్యలు’. వెబ్‌సైట్లలో అయితే ఆ పంచె కూడా లేదు, ‘ఇంట్రెస్టింగ్ కామెంట్స్’ అని నేరుగానే పెట్టేస్తున్నారు. మీలో ఎవరైనా ఫోన్ తీసి ఏదైనా ఒక తెలుగు వార్తల సైటు తెరవండి. తెరిచారా? పైనుంచి కిందకి ఒక్కసారి వేలితో జరపండి. కనిపించిందా? ఆ, ఆ నవ్వు చాలు, ఇంకేం చెప్పక్కర్లేదు.

ఇన్నేళ్ళు డెస్కులో కూర్చుని వార్తలు దిద్దినదాన్ని, దీని వెనక ఉన్న లెక్క చెబుతాను వినండి. మన దగ్గర విశేషణాలకి ఒక వరస ఉంది. నాయకుడు ఏదో అన్నాడు. దానివల్ల ఎవరికైనా కోపం వచ్చేటట్టుంటే ‘సంచలన వ్యాఖ్యలు’. కోపం రాదు గానీ ప్రభుత్వంలో ఏదో కదిలేటట్టుంటే ‘కీలక వ్యాఖ్యలు’. నోరు జారితే ‘వివాదాస్పద వ్యాఖ్యలు’. మరి ఇవేవీ కాకపోతే? కోపమూ రాదు, ఏమీ కదలదు, నోరూ జారలేదు. అప్పుడు ‘ఆసక్తికర వ్యాఖ్యలు’. అంటే ఏ పేరూ పెట్టలేక మిగిలిపోయిన వాటికి పెట్టిన పేరు అది. మనం ఆసక్తికరం అని రాసిన వార్తే అన్నిటికన్నా చప్పగా ఉండటానికి కారణం ఇదే. మంత్రి ఏమన్నారో ఆ మాటే శీర్షికలో పెట్టొచ్చు కదా? పెట్టొచ్చు. పెడితే అందులో ఏమీ లేదని తెలిసిపోతుంది. అందుకే పెట్టరు.

పాఠకుడు దాని మీద నొక్కుతాడెందుకు? అమాయకుడు కాబట్టి కాదు. కుతూహలం అలాగే పనిచేస్తుంది కాబట్టి. జార్జ్ లోవెన్‌స్టైన్ అని అమెరికాలో ఒక పండితుడు, ఆర్థికశాస్త్రాన్నీ మనస్తత్వశాస్త్రాన్నీ కలిపి చదివినాయన, 1994లో ఈ విషయం మీద పెద్ద వ్యాసం రాశారు. కుతూహలం ఎక్కణ్ణుంచి పుడుతుంది? మనకి తెలిసినదానికీ తెలుసుకోవాలనుకున్నదానికీ మధ్య సందు కనిపించినప్పుడు పుడుతుంది అంటారాయన. ఆ సందు కనబడితే మనసు ఊరుకోదు, పూడ్చేదాకా గింజుకుంటుంది. ఇక్కడో మెలిక ఉంది. ఏమీ తెలియనివాడికి సందే కనిపించదు. క్రికెట్ అంటే ఏమిటో తెలియనివాడికి ‘ఆఖరి బంతికి ఏమైందంటే’ అని ఎంత ఊరించినా ప్రయోజనం ఉండదు. పూర్తిగా తెలిసినవాడికీ కనిపించదు. కొంచెం తెలిసినవాడికే దురద.

2009లో కాలిఫోర్నియాలోని కాల్‌టెక్ విద్యాసంస్థలో కొందరు పరిశోధకులు దీన్ని పరీక్షించి చూశారు. క్విజ్ ప్రశ్నల్లాంటివి ఇచ్చారు. జవాబు నీకెంతవరకూ తెలుసనుకుంటున్నావు, తెలుసుకోవాలని నీకెంత ఉంది, ఈ రెండూ అడిగారు. అస్సలు తెలియదన్న ప్రశ్న మీద కుతూహలం తక్కువ. బాగా తెలుసన్న ప్రశ్న మీదా తక్కువ. నోటి దాకా వచ్చి ఆగిపోయినట్టుండే ప్రశ్నలున్నాయే, వాటి మీద ఎక్కువ. ఆ జవాబుల కోసం తమకిచ్చిన టోకెన్లు ఖర్చుపెట్టడానికో, కాసేపు ఆగి ఎదురుచూడటానికో కూడా సిద్ధపడ్డారు. అలా కుతూహలంతో తెలుసుకున్న జవాబులు తర్వాత బాగా గుర్తున్నాయి కూడా.

ఇది ఎవరికి పనికొస్తుంది? మాస్టార్లకి పనికొస్తుంది, మనకి పనికొస్తుంది, మోసగాళ్ళకి అందరికన్నా ఎక్కువ పనికొస్తుంది. ‘ఆ హీరో చేసిన పని తెలిస్తే అవాక్కవుతారు’. సందు తవ్వారు. లోపల పూడ్చడానికి తట్టెడు మట్టి కూడా ఉండదు. 2014 ఆగస్టులో ఫేస్‌బుక్ ఇలాంటి శీర్షికల్ని తగ్గిస్తామని ప్రకటించింది. ఎలా పట్టుకుంటామన్నారో తెలుసా? శీర్షిక నొక్కి వెళ్ళిన మనిషి ఎంతసేపు అక్కడ ఉన్నాడు, వెళ్ళినవాడు వెళ్ళినట్టే వెనక్కొచ్చేశాడా, అదీ వాళ్ళు చూస్తామన్న గుర్తు. తిట్టుకుంటూ వెనక్కొచ్చేసే పాఠకుణ్ణి గణితంలో పెట్టారన్నమాట. అది ఎంతవరకు తగ్గిందో మీ చేతిలో ఫోనుంది, మీరే చెప్పాలి.

మిరపకాయ ఎవరికి వార్త?

సరే, మోసం సంగతి వదిలేద్దాం. నిజంగానే కుతూహలం కలిగించే సంగతి ఉందనుకుందాం. ఉంటాయి కదా? బోలెడు ఉంటాయి. వాటి గురించి ఏం రాయాలి?

మర్రే డేవిస్ అనే అమెరికన్ సమాజశాస్త్రవేత్త 1971లో ఇదే ప్రశ్న వేసుకున్నారు. కొన్ని సిద్ధాంతాలని జనం గుర్తుపెట్టుకుంటారు, కొన్నిటిని మర్చిపోతారు, ఎందుకు? నిజమైనవి నిలుస్తాయి, తప్పువి పోతాయి అనుకుంటాం. ఆయన అలా అనలేదు. నిజమా కాదా అన్నదానికి దీంతో పెద్దగా సంబంధం లేదన్నారు. వినేవాడు ఇన్నాళ్ళూ ఆలోచించకుండా నమ్ముతున్నదేదో ఒకటి ఉంటుంది. దాన్ని కాస్త కదిపితే ‘ఓహో’ అంటాడు. ఏమీ కదపకపోతే ‘ఇది తెలిసిందేగా’ అంటాడు. మొత్తం పెకలిస్తే ‘నీకేమైనా పిచ్చా’ అంటాడు. ఈ ఓహో అన్నది ఆ రెండిటికీ మధ్య ఎక్కడో ఉంటుంది.

ఉదాహరణ మన కంచంలోంచే తీసుకుందాం. ఆవకాయలో వేసే మిరపకాయ మన దేశానిది కాదు. అమెరికా ఖండాలది. 1498లో వాస్కోడగామా వచ్చాక, ఆ దారిన పోర్చుగీసువాళ్ళు తెచ్చిపెట్టిన పంటది. అంతకుముందు మనకి కారం అంటే మిరియాలే. ఇక్కడ కొందరు తలూపుతున్నారు, మీకు తెలుసు. కొందరు పక్కవాళ్ళ మొహాలు చూస్తున్నారు. గుంటూరు నుంచి ఎవరైనా వచ్చారా? ఆ, ఆ మూల చెయ్యెత్తారు. బాబూ, కోపం తెచ్చుకోకు, గుంటూరు మిరప ఘాటుకి నేనేం లోటు చెయ్యటం లేదు.

శ్రీనాథుడివని చెప్పుకునే చాటుపద్యాలు విన్నారు కదా. పలనాటి జొన్నకూడునీ, అక్కడి రాళ్ళనీ, తేళ్ళనీ అన్నిటినీ తిట్టిపోస్తాడు. మిరపకారాన్ని తిట్టే అవకాశం మాత్రం ఆయనకి దొరకలేదు. అప్పటికి అది సముద్రం అవతలే ఉంది మరి. ఇవాళ పలనాడు అనగానే ఎర్రగా ఆరబోసిన మిరప కళ్ళాలే కళ్ళముందుకొస్తాయి. ఆయన పలనాట్లో అది లేదు. ఊహించుకోండి ఒకసారి.

ఇప్పుడు ఇదే సంగతి ఒక మెక్సికో మనిషికి చెప్పండి. “మిరపకాయ మీ వైపుదేనట తెలుసా?” అనండి. అతను ఏమంటాడు? “అయితే?” అంటాడు. వేల ఏళ్ళుగా వాళ్ళు పండించుకుని తింటున్నది. అతనికి అది వార్త కాదు. “ఇండియాలో ఒక రాష్ట్రంలో జనం అది తమ సొంతం అనుకుంటున్నారట” అని చెప్పండి, అప్పుడు నవ్వుతాడు. అదీ అతనికి వార్త. వస్తువు ఒకటే, మిరపకాయే. కుతూహలం దాని తొడిమలోనూ లేదు, గింజలోనూ లేదు. వినేవాడు ఏం నమ్ముకుని కూర్చున్నాడో దాన్నిబట్టి వస్తుంది.

ఆ ఇంగ్లిష్ మాట లోపల ఉన్నదీ ఇదే. లాటిన్‌లో ఇంటర్ అంటే మధ్య, ఎస్సే అంటే ఉండటం. మధ్యన ఉండటం, అందులోంచి ‘తేడా కలగటం, పట్టింపు ఉండటం’ అన్న అర్థం వచ్చింది. బ్యాంకు వడ్డీకి చెప్పే ఇంటరెస్టూ ఆ వేరు నుంచి మొలిచిందే. మధ్యయుగాల యూరప్‌లో చర్చి వడ్డీని పాపమని నిషేధించింది. అప్పు తీసుకున్నవాడు గడువుకి ఇవ్వక, ఇచ్చినవాడు నష్టపోతే, ఆ నష్టానికి పరిహారం పుచ్చుకోవచ్చు అని సందు వదిలారు. ఆ పరిహారం పేరు ఇంటరెస్సే. పాపమూ కాలేదు, డబ్బూ ఆగలేదు. మనుషులు అన్నిచోట్లా ఒకలాంటివాళ్ళే.

పనిలో పనిగా ఇంకో మాట. ఇంటర్వ్యూలకి వెళ్ళేవాళ్ళు జాగ్రత్తగా వినండి. ‘అయామ్ ఇంటరెస్టింగ్ ఇన్ జర్నలిజం’ అని రాస్తున్నారు దరఖాస్తుల్లో. నాకు ఆసక్తి ఉంది అనాలంటే ఇంటరెస్టెడ్. ఇంటరెస్టింగ్ అంటే నన్ను చూస్తే ఎదుటివాళ్ళకి ఆసక్తి పుడుతుందని. ఇంటర్వ్యూ చేసేవాళ్ళు ఒప్పుకుంటే మంచిదే, కానీ మనమే చెప్పుకుంటే బావుండదు. మనం తప్పెందుకు చేస్తామంటే, తెలుగులో ‘నాకు’ అంటాం, ‘నేను’ అనం. నాకు ఆకలి, నాకు కోపం, నాకు ఇష్టం, నాకు ఆసక్తి. ఆ ‘కు’ పట్టుకుని నడిచేవాళ్ళం ఇంగ్లిష్‌లోకి దిగేసరికి తడబడతాం. సరే, ముందుకెళ్దాం.

టాక్సీ నంబరు

ఇప్పుడు ఈ మాటని ఎలా వాడాలో ప్రపంచంలో అందరికన్నా బాగా వాడి చూపించిన మనిషి గురించి చెబుతాను. ఆయన రచయిత కాదు, పాత్రికేయుడు కాదు. శ్రీనివాస రామానుజన్.

మీలో చాలామందికి కథ తెలుసు. తెలిసినా సరే, ఇవాళ లెక్క కోసం వినకండి, మాట కోసం వినండి. రామానుజన్ లండన్ దగ్గర పట్నీలో జబ్బుపడి ఉన్నారు. కేంబ్రిడ్జ్ గణితవేత్త హార్డీ చూడ్డానికి వెళ్ళారు. ఈ సంగతి రాసింది హార్డీయే. తాను వచ్చిన టాక్సీ నంబరు 1729, ఆ సంఖ్య తనకి చప్పగా అనిపించింది, ఇదేమీ చెడు శకునం కాదు కదా అన్నారట. జబ్బు మనిషిని చూడ్డానికి వెళ్ళినప్పుడు మాటలు దొరక్క ఏదో ఒకటి అంటాం చూడండి, అలాంటి మాటే. దానికి రామానుజన్ ఏమన్నారు? కాదు, అది వెరీ ఇంటరెస్టింగ్ నంబర్ అన్నారు.

అక్కడ ఆగిపోయి ఉంటే మనం ఇవాళ చెప్పుకునేవాళ్ళం కాదు. జబ్బు మనిషి మర్యాదకి అన్నాడనుకునేవాళ్ళం. ఆగలేదు. అదే ఊపులో రెండో వాక్యం వచ్చింది. రెండు ఘనాల మొత్తంగా రెండు వేర్వేరు విధాల రాయగలిగిన సంఖ్యల్లో అన్నిటికన్నా చిన్నది అదే అన్నారు.

కాగితాలు ఉన్నాయా? వెయ్యండి, మనమూ వేద్దాం. పన్నెండు పన్నెండ్లు 144. దాన్ని మళ్ళీ పన్నెండుతో హెచ్చించండి. ఎంత? 1728. దానికి ఒకటి ఘనం, అంటే ఒకటే, కలపండి. 1729. అయిందా? ఇప్పుడు ఇంకో దారి. పది ఘనం వెయ్యి, నోటితో చెప్పొచ్చు. తొమ్మిది తొమ్ముదులు 81, దాన్ని మళ్ళీ తొమ్మిదితో హెచ్చిస్తే 729. వెయ్యికి 729 కలిపితే? అదే. 1729కి ముందు ఏ సంఖ్యకీ ఈ గుణం లేదు.

చూడండి, ఇప్పుడు మీలో ఎంతమంది మొహాలు మారాయో! వెరీ ఇంటరెస్టింగ్ అని నేను చెప్పినప్పుడు మారలేదు. తొమ్మిది ఘనం వేసి కలిపినప్పుడు మారాయి. రామానుజన్ వాక్యంలో ఆ విశేషణం తీసేయండి. ‘కాదు, రెండు ఘనాల మొత్తంగా రెండు విధాల రాయగలిగిన చిన్న సంఖ్య అదే.’ ఏమైనా తగ్గిందా? పిసరంత కూడా తగ్గలేదు. రెండో భాగం తీసేసి విశేషణం ఒక్కటే ఉంచండి. ఏం మిగిలింది?

ఆ తర్వాత జరిగింది అంతగా ఎవరూ చెప్పుకోరు. నాకు మాత్రం అదే ఎక్కువ ఇష్టం. హార్డీ వెంటనే, మరి నాలుగో ఘాతాలకి, అంటే ఒక సంఖ్యని నాలుగుసార్లు వేసి హెచ్చిస్తే వచ్చేవాటికి, ఇలాంటి సంఖ్య ఏదని అడిగారు. రామానుజన్ ఒక్క క్షణం ఆలోచించి, తనకి వెంటనే ఏదీ కనిపించటం లేదు, ఉంటే చాలా పెద్ద సంఖ్యే అయి ఉంటుంది అన్నారు. అది నిజం. 63,53,18,657. 133, 134ల నాలుగో ఘాతాలు కలిపినా అదే, 59, 158ల నాలుగో ఘాతాలు కలిపినా అదే. 18వ శతాబ్దంలోనే గణితవేత్త ఆయిలర్‌కి తెలిసిన సంఖ్య. కుతూహలం నిజంగా కలిగిందనడానికి గుర్తు ఏమిటంటే హార్డీ ‘ఇంటరెస్టింగ్’ అని ఊరుకోలేదు, ఇంకో ప్రశ్న అడిగారు.

ఇదేదో ఆ క్షణంలో దేవుడు చెవిలో చెప్పినట్టు కథలల్లుతారు. అలా ఏం కాదు. 1976లో జార్జ్ ఆండ్రూస్ అనే అమెరికన్ గణితవేత్త కేంబ్రిడ్జ్‌లో రామానుజన్ చివరి రోజుల కాగితాలు కనిపెట్టారు. పోయిన నోటుపుస్తకం అంటారు దాన్ని. అందులో ఇలాంటి ఘనాల మీద ఆయన చేసిన పని ఉంది. రెండు ఘనాలు కలిపితే ఇంకో ఘనానికి ఒక్కటి అటో ఇటో తేడా వచ్చే సంఖ్యలు, వాటి వరసలకి వరసలు. 9, 10 ఘనాలు కలిపితే 12 ఘనం కన్నా ఒక్కటే ఎక్కువ కదా, ఇప్పుడే వేశాం. అంటే ఆ సంఖ్యతో ఆయనకి లోతైన స్నేహం ఉంది. హార్డీ గుమ్మంలో ఆ పేరు ఎత్తేసరికి గుర్తుపట్టారు.

లెక్కల మాస్టార్లు చెప్పుకునే ఒక హాస్యం ఉంది, ఇక్కడ బాగా అతుకుతుంది. విశేషం లేని సంఖ్యలన్నిటినీ ఒక పక్కకి నెట్టండి. ఆ గుంపులో అన్నిటికన్నా చిన్నది ఏదో ఒకటి ఉంటుంది కదా? విశేషం లేనివాటిలో అతి చిన్నది, అదే దానికి విశేషం అయిపోయింది! దాన్ని ఇటు తీసుకొస్తే తర్వాతదానికి ఆ హోదా. అలా మొత్తం గుంపు ఖాళీ. నవ్వుతున్నారు గానీ, మన వెబ్‌సైట్లు సరిగ్గా అదే చేస్తున్నాయి. రోజుకి రెండొందల ఐటమ్‌లు, అన్నీ ఆసక్తికరమే.

మర్యాద కోసం అనే మాట

ఇంకో వైపు కూడా చూడాలి. ఏ అభిప్రాయమూ చెప్పకుండా తప్పించుకోవడానికి ఇంతకన్నా వాటమైన మాట లేదు. ఇంగ్లండ్ వాళ్ళు దీన్ని బాగా వాడతారని వాళ్ళ మీద వాళ్ళే జోకులేసుకుంటారు. మీ ఆలోచన విని ‘వెరీ ఇంటరెస్టింగ్’ అన్నారంటే, బయటివాళ్ళు మెచ్చుకున్నారనుకుంటారు, ఆయన ఉద్దేశం మాత్రం శుద్ధ దండగని. మనకి ఇది కొత్త కాదు. పెళ్ళిచూపుల్లో కాఫీ, ఉప్మా అన్నీ అయ్యాక మగపెళ్ళివారు ఏమనేవారు? ‘ఇంటికెళ్ళి ఉత్తరం రాస్తాం.’ ఆ ఉత్తరం ఎప్పుడైనా వచ్చిందా? అదే ఇది.

డాక్టరు స్కానింగ్ ఫిల్ము వెలుగులో పెట్టి చూస్తూ ‘ఇంటరెస్టింగ్’ అన్నాడనుకోండి. పేషెంటుకి ఎలా ఉంటుంది? ఆయనకి కుతూహలం, మనకి చెమటలు. ‘ఇంటరెస్టింగ్ కాలంలో బతుకుదువు గాక’ అని చైనాలో శాపం ఉందంటారు. 1966లో కేప్‌టౌన్ ప్రసంగంలో అమెరికా సెనేటర్ రాబర్ట్ కెన్నెడీ కూడా చైనా శాపమనే చెప్పారు. అంతకుముందు 1936లో బ్రిటిష్ నాయకుడు ఆస్టిన్ చాంబర్లేన్ కూడా అలాగే అన్నారు. అయితే వెతికినవాళ్ళకి చైనా భాషలో అలాంటి శాపం దొరకలేదు. కల్లోల కాలంలో మనిషిగా ఉండేకన్నా నెమ్మదైన కాలంలో కుక్కగా ఉండటం మేలు అన్న సామెత మాత్రం ఉంది. ఇది మీకెందుకు చెబుతున్నానంటే, ‘చైనా సామెత ఏమంటుందంటే’ అని మొదలయ్యే కాపీ మీ చేతికొస్తే ముందు ఓ నిమిషం ఆగండి.

అందాన్ని గురించి మాట్లాడేవాళ్ళకీ ఈ పేచీ పాతదే. 18వ శతాబ్దం చివర్లో జర్మనీలో ఫ్రీడ్రిక్ ష్లేగెల్ అనే విమర్శకుడు, గ్రీకులు అందాన్ని వెతికారు, ఇప్పటివాళ్ళు ఆసక్తికరమైనదాన్ని వెతుకుతున్నారు అన్నాడు. అందానికి ఎక్కడో ఒకచోట నిండుదనం ఉంటుంది, ఆసక్తికి నిన్నటికన్నా ఇవాళ ఇంకాస్త కావాలి, అదీ ఆయన దిగులు. రెండు వందల ఏళ్ళ తర్వాత ఫోన్‌లో వేలు ఆపకుండా జరుపుతున్న మనల్ని చూస్తే ఏమనేవాడో.

మరి తెలుగు మాట వాడితే సరిపోతుందా అని ఇందాక టీ దగ్గర ఒకమ్మాయి అడిగింది. ఆసక్తికరం అంటే సరిపోదమ్మా, అది కూడా ఖాళీ సంచే. కానీ మన నోళ్ళలో వేరే మాటలు ఉన్నాయి. గమ్మత్తు, వింత, విడ్డూరం, తమాషా, చోద్యం. వీటిని ఒకదాని బదులు ఒకటి వాడి చూడండి, కుదరదు. ‘ఆయన విడ్డూరమైన వ్యాఖ్యలు చేశారు’ అన్నామంటే మనం ఒప్పుకోలేదని తేలిపోయింది. ‘గమ్మత్తయిన మాటన్నారు’ అంటే ముచ్చటపడ్డాం. ఈ మాటలు వాడితే మనం ఎటున్నామో బయటపడుతుంది. వార్తలో మనం బయటపడకూడదు, నిజమే. అప్పుడు ఏ విశేషణమూ వద్దు, ఏమన్నాడో అది రాయండి. ఫీచర్లో, సంపాదకీయంలో ధైర్యంగా బయటపడండి, ఎవరూ కొట్టరు.

ఒక ఫోన్ కాల్ చెప్పి నేను ఆపేస్తాను. జిల్లా ఎడిషన్ చూసే రోజుల్లో ఒక కంట్రిబ్యూటర్ నుంచి, అంటే ఊళ్ళ నుంచి వార్తలు పంపే విలేకరి నుంచి, ఐటమ్ వచ్చింది. ‘ఫలానా గ్రామంలో ఒక రైతు ఆసక్తికర రీతిలో మిరప సాగు చేస్తూ అందరి దృష్టినీ ఆకర్షిస్తున్నారు.’ ఆ తర్వాత ఆ రైతు పేరు, ఎకరాలు, ఆయన్ని అభినందించిన పెద్దల పేర్లు, వరసగా. రీతి ఏమిటో లేదు! ఫోన్ చేశాను.

“ఏమయ్యా, ఆసక్తికర రీతి అన్నావు, ఏం చేస్తాడాయన?”

“మిరపచేలో బంతి వేశాడు మేడమ్.”

“బంతిపూలా? పూలు అమ్ముకోడానికా?”

“అమ్ముకోడానికి కాదు మేడమ్. పురుక్కి. పచ్చపురుగు తల్లి ముందు బంతి మీదకే పోద్ది, గుడ్లు అక్కడే పెడద్ది. మిరప మీదకి తక్కువ వస్తది. బంతి మీద పడ్డ పురుగుని ఏరి పారేస్తాడు. మందు ఖర్చు తగ్గుద్ది.”

“ఎర పంటన్నమాట. మరి అది రాయలేదేం?”

అవతల కాసేపు చప్పుడు లేదు. తర్వాత అన్నాడు, “అది మామూలే కద మేడమ్. మా వైపు చాలామందికి తెలుసు.”

అర్థమైందా ఏం జరిగిందో? అతనికి తెలిసిన సంగతి, అందుకని అతనికి అందులో విశేషం కనిపించలేదు. మరి డెస్కు వేసుకోవాలంటే ఏం కావాలి? ‘ఆసక్తికర’ అని ఉండాలి, రోజూ పేపర్లో చూస్తున్నాడు కదా. విశేషాన్ని వదిలేసి విశేషణాన్ని పంపించాడు. తప్పు అతనిది కూడా కాదు, నేర్పింది మనం. ఆ రాత్రి ఐటమ్ ‘మిరపలో బంతి... పురుక్కి ఎర’ అని బాక్సు కట్టి వేశాం. తల్లిపురుగు ఎటు పోతుంది, ఎన్ని వరసలకి ఒక వరస బంతి వేశాడు, ఏ వయసు నారు నాటాడు, అన్నీ మళ్ళీ ఫోన్ చేసి అడిగించి రాశాం. బంతి మిరప కన్నా ముందే పూతకొచ్చేలా చూసుకోవాలట, లేకపోతే ఎర పనిచెయ్యదట. అది కూడా ఆ కంట్రిబ్యూటర్ రైతుని అడిగి చెప్పిందే. పెద్దల పేర్లు ఎగిరిపోయాయి, చోటు లేక.

సరే. మీ అందరికీ ఒక్కో కాగితం ఇచ్చారు చూడండి. అందులో మూడు శీర్షికలున్నాయి, మూడింట్లోనూ ‘ఆసక్తికర’ ఉంది. కింద పూర్తి వార్త ఉంది. ఆ మాట కొట్టేసి, వార్తలోంచే సరుకు తీసి శీర్షిక పెట్టండి. ఆరు మాటలు దాటకూడదు. ఒకదాంట్లో ఎంత వెతికినా సరుకు దొరకదు, ముందే చెబుతున్నాను. అది ఏదో గుర్తుపట్టినవాళ్ళు దాని పక్కన ‘వేయనక్కర్లేదు’ అని రాసి సంతకం పెట్టండి. పావుగంట టైము. పెన్ను లేనివాళ్ళు ఎవరు? జర్నలిస్టులయ్యుండి పెన్ను లేకపోవడమేమిటమ్మా... ఇదిగో, ఇక్కడ రెండున్నాయి, తీసుకోండి.